సాకడం ఎవరి హక్కు?

మన రాజ్యాంగం చివర రెండు జాబితాలున్నాయి. 73వ సవరణతో వచ్చిన పదకొండో షెడ్యూలు పంచాయతీలకు అప్పగించదగిన విషయాలు చెబుతుంది. 74వ సవరణతో వచ్చిన పన్నెండో షెడ్యూలు మున్సిపాలిటీల సంగతి చెబుతుంది. రెంటినీ పార్లమెంటు 1992లో ఆమోదించింది, రెండూ 1993లో అమల్లోకి వచ్చాయి. మొదటి జాబితాలో నాలుగో అంశం పశుపోషణ, పాడి, కోళ్ల పెంపకం. రెండో జాబితాలో పశువుల ఊసు పదిహేనో అంశం దాకా రాదు. అక్కడ ఉన్నది బందెలదొడ్లు, జంతువుల పట్ల క్రూరత్వ నివారణ. ఆ తర్వాత పద్దెనిమిదో అంశంలో కబేళాలు, తోళ్ల శుద్ధి కేంద్రాలు.

అంటే పల్లెలో పశువు ఒక బతుకుతెరువు. పట్నంలో అదే పశువు పట్టి కట్టేయాల్సిన అడ్డంకి, లేదంటే జాలిపడాల్సిన నోరులేని ప్రాణి. మా సదుం పంచాయతీ. మాకు సంతకీ సినిమాకీ ఆస్పత్రికీ దిక్కయిన పుంగనూరు, మదనపల్లె మున్సిపాలిటీలు. సదుం పిల్ల పెళ్లి చేసుకుని పట్నంలో కాపురానికి పోతూ పుట్టింటి ఆవుదూడను వెంట తోలుకుపోతే, ఆ దూడ నాలుగో అంశంలోంచి పదిహేనో అంశంలోకి అడుగుపెడుతుంది. దాని ఆకలి మారదు, పేడ మారదు, దానికి చెయ్యాల్సిన చాకిరీ మారదు. మారేదల్లా చట్టం దాన్ని చూసే చూపు. ఆ చూపులో దూడ పక్కనే నిలబడి ఉన్న ఆడమనిషి ఎక్కడుందన్నది నా ప్రశ్న.

ఇది నగరంలో కుక్కను పెంచుకోవచ్చా, ఆవును కట్టేసుకోవచ్చా అనే నిబంధనల ప్రశ్నలా కనిపిస్తుంది. నాకు మాత్రం నీతికి సంబంధించిన ప్రశ్నగా అనిపిస్తుంది. ఒక ప్రాణిని ఉంచుకునే హక్కు మనిషికి దేనివల్ల వస్తుంది? డబ్బు పెట్టి కొన్నందుకా? ప్రేమించినందుకా? దాని పని చేస్తున్నందుకా?

మా వైపు పెంచడం అనే మాట తక్కువ. సాకడం అంటాం. బిడ్డను సాకుతాం, మంచాన పడ్డ అత్తను సాకుతాం, తల్లి చచ్చిన మేకపిల్లను సాకుతాం. ఈ మాటలో ప్రేమ ఉండొచ్చు, ఉండకపోవచ్చు. పని మాత్రం తప్పకుండా ఉంటుంది. తెల్లారకముందే లేచి కసువు ఊడ్చడం, పేడ ఎత్తడం, కుడితి పెట్టడం, గట్ల వెంబడి గడ్డి కోసుకురావడం, పాలు పిండడం, ఈనడానికొచ్చిన గొడ్డు పక్కన రాత్రంతా మేలుకుని కూర్చోవడం. యజమాని అనే మాటలో ఇవేవీ లేవు. అందులో ఉన్నది ఒక పేరు, ఒక కాగితం.

సొంతానికీ సాకడానికీ తేడా పల్లెకు బాగా తెలుసు. గొడ్డును పాలికివ్వడం అనే పద్ధతి అందుకే పుట్టింది. ఒకరి ఆవును మరొకరు సాకి, పుట్టిన దూడల్లో వాటా తీసుకుంటారు. సెంటు భూమి లేని ఆడవాళ్లెందరో తమ మొదటి పశువును ఇలాగే సంపాదించుకున్నారు. ఇదేదో సమానుల మధ్య ఒప్పందమని నేను చెప్పడం లేదు. వాటా ఎంతన్నది ఎక్కువసార్లు ఆవున్నవాళ్లే తేలుస్తారు. అయినా ఇందులో ఒక న్యాయసూత్రం ఉంది. ఏ చట్టపుస్తకంలోనూ రాయకపోయినా, సాకినందువల్లే హక్కు పుడుతుందని ఈ పద్ధతి ఒప్పుకుంటుంది. పట్నపు చట్టానికి తెలియనిది ఇదే.

మా చిన్నమ్మ మా ప్రాంతంలోని ఒక పట్టణంలో ముప్పై ఏళ్లు కాపురముంది. ఏ పట్టణమన్నది ఇక్కడ అనవసరం. ఇంటెనక కొట్టంలో రెండు ఎనుములు, ఒక పొట్టావు. ఆ వీధిలో పది పన్నెండిళ్లకు పాలు ఆమే పోసేది. వీధి పెరిగింది, డాబాలు లేచాయి, ఒకనాడు నోటీసు వచ్చింది. పశువుల వల్ల దుర్వాసన, దోమలు, ఇరుగుపొరుగుకు ఇబ్బంది. గడువులోగా ఊరి హద్దు దాటించకపోతే పట్టుకుపోతామని. నోటీసు మా చిన్నాయన పేరున ఉంది. ఆయన పోయి అప్పటికి ఆరేళ్లు.

"మీ చిన్నాయన బతికున్నన్ని దినాలూ ఒక్కరోజన్నా పేడ ఎత్తిన పాపాన పోలేదు అమ్మణ్ణీ. సచ్చినాక నోటీసు మాత్రం ఆయప్పకే వచ్చింది" అని చిన్నమ్మ నవ్వింది. ఆ నోటీసు పట్టుకుని ఆఫీసుకు పోతే యజమానిని రమ్మన్నారు. ఇంటి పన్ను ఆయన పేరున, పశువుల లోను ఆయన పేరున, గొడ్డు చెవికి వేసిన 12 అంకెల పసుపు బిళ్ల వివరాల్లో కూడా ఆయన పేరే. గడువు కావాలని అడగడానికి ఆమె ఎవరు? చివరికి ఎనుములు రెండూ దళారికి పోయాయి. పొట్టావు సదుంలో వాళ్ల చెల్లెలి దగ్గరికి, పాలికి చేరింది. చిన్నమ్మ ఇప్పుడు రెండిళ్లలో వంట చేస్తోంది.

ఫిర్యాదు చేసిన పక్కింటామె దుర్మార్గురాలేమీ కాదు. ఆమె చంటిబిడ్డకు జ్వరం తగ్గలేదు, కొట్టం పక్కన మురుగు నిలిచింది, ఆమె భయపడింది. ఆ మురుగు పశువుల వల్ల నిలిచిందా, కాలవ కట్టనందువల్ల నిలిచిందా అని ఎవరూ తేల్చలేదు. కాలవకు నోటీసు ఇవ్వలేరు కదా! ఇద్దరాడవాళ్ల బాధలు ఎదురెదురుగా నిలబడ్డాయి. వాటిని కలిపి వినాల్సిన చోట ఒక చనిపోయిన మగవాడి పేరు ఉంది.

చట్టం సాకేవాళ్లను అసలు గుర్తించదా అంటే, గుర్తిస్తుంది. ఎప్పుడు గుర్తిస్తుందో చూడాలి. 1960 నాటి జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం యజమాని అనే మాటకు విశాలమైన అర్థం చెప్పింది. అసలు యజమానే కాదు, ఆ సమయానికి జంతువు ఎవరి స్వాధీనంలో, ఎవరి సంరక్షణలో ఉందో వాళ్లు కూడా, అసలు యజమాని అనుమతి ఉన్నా లేకపోయినా, యజమాని కిందికే వస్తారు. మూడో సెక్షన్ ఇంకా స్పష్టంగా, జంతువు సంరక్షణ చూసే ప్రతి వ్యక్తికీ దాని క్షేమం చూడాల్సిన బాధ్యత ఉందంటుంది. చూశారా! బాధ్యత మోయాల్సి వచ్చినప్పుడు, శిక్ష పడాల్సి వచ్చినప్పుడు, సాకే చేయి చట్టానికి కనిపిస్తుంది. లోను, పరిహారం, గడువు, ఆఫీసులో ఒక కుర్చీ ఇవ్వాల్సి వచ్చినప్పుడు మాత్రం కాగితం మీది పేరే కనిపిస్తుంది. ఇంట్లో మన అనుభవం ఇంతకంటే భిన్నమా? పిల్లాడు తప్పితే తల్లి పెంపకం, ర్యాంకు వస్తే తండ్రి పేరు!

ఈ చట్టం వెనక ఒక స్త్రీ ఉందని గుర్తుచేసుకోవడం అవసరం. నాట్యకళాకారిణిగా మనకు తెలిసిన రుక్మిణీదేవి అరండేల్ 1952లో రాజ్యసభకు నామినేటయ్యారు. జంతువుల కోసం ఆమె తెచ్చిన ప్రైవేటు బిల్లే 1960 చట్టానికి దారి తీసింది. 1962లో ఏర్పడిన జంతు సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలూ ఆమే. ఆమె దివ్యజ్ఞాన సమాజపు మనిషి. మదనపల్లెలో 1915లో కాలేజీ పెట్టిన అనీబిసెంట్‌దీ అదే సమాజం. ఆ తరం స్త్రీలు కరుణను చట్టసభల్లోకి తెచ్చారు. అది చిన్న సంగతి కాదు. కానీ కరుణ అనేది ఒక దూరం నుంచి చూసే చూపు. బండెద్దు మీద కొరడా పడటం చూసి విలవిల్లాడే మనసు దానిది. ఆ ఎద్దుకు పొద్దున్నే కుడితి పెట్టిన చేయి దానికి కనపడకపోవచ్చు. ఆ చేతికి కావలసింది కరుణ కాదు, లెక్కలో చోటు.

పశ్చిమ దేశాల తత్వవేత్తల మధ్య కూడా ఈ చర్చ జరిగింది. పీటర్ సింగర్ 1975లో రాసిన 'యానిమల్ లిబరేషన్' ముందుమాటలో ఒక టీ సమావేశం గురించి చెబుతాడు. జంతువులంటే తనకెంతో ప్రేమ అన్న ఒకామె పంది మాంసం శాండ్‌విచ్ తీసుకుని, మీరేం జంతువుల్ని పెంచుతున్నారని అడిగింది. తమకు జంతువుల మీద ప్రత్యేకమైన మక్కువేమీ లేదనీ, తాము కోరేది న్యాయమేననీ ఆయన అంటాడు. ప్రేమను పక్కన పెట్టి తర్కంతో నిలబడాలన్నది ఆయన పట్టుదల. 1983లో టామ్ రీగన్ జంతువుల హక్కుల వాదాన్ని కూడా అలాగే తర్కం మీదే కట్టాడు. 1990లో స్త్రీవాద విమర్శకురాలు జోసెఫిన్ డొనోవన్ ఆ టీ సంఘటననే ఎత్తుకుని, ఉద్వేగం అంటే ఈ పురుషులకు ఇంత భయమెందుకని అడిగింది. జంతువుతో మనకున్న సంబంధం నుంచి, దాన్ని విని అర్థం చేసుకోవడం నుంచి నీతిని కట్టలేమా అంది.

నేను డొనోవన్ పక్షమే. అయితే చిన్నమ్మ కొట్టంలో నిలబడి చూస్తే ఆ చర్చలో ఇరువైపులా ఒకటి తక్కువనిపిస్తుంది. తర్కం ఉంది, ప్రేమ ఉంది, పేడ లేదు. శ్రమ లేదు. చిన్నమ్మకు ఎనుముల మీద ప్రేమా అని అడిగితే ఆమె ఆ ప్రశ్నను వింతగా చూస్తుంది. దాన్ని తిడుతుంది, కొడుతుంది కూడా. దాని కడుపు ఉబ్బితే మాత్రం తాను అన్నం ముట్టదు. దీన్ని ప్రేమ అనాలా, బతుకుతెరువు అనాలా? రెంటినీ విడదీయడం చదువుకున్నవాళ్ల అలవాటు.

ఆ విడదీయడాన్నే ఇప్పుడు నగరం చేస్తోంది. పుంగనూరు పొట్టావు కథ చూడండి. భుజం దగ్గర 70 నుంచి 90 సెంటీమీటర్ల ఎత్తుండే ఈ ఆవు మా కరువు నేలలో, కొద్దిపాటి మేతతో, చిక్కటి పాలిచ్చిన పేదింటి ఆవు. ఎక్కువ పాలకోసం జెర్సీ, హోల్‌స్టీన్ సంకరాలు వచ్చాక ఈ జాతి అంతరించే దాకా వచ్చింది. పలమనేరు పశు పరిశోధన కేంద్రంలో దాన్ని కాపాడే ప్రయత్నం జరుగుతూ వచ్చింది, 2020లో రాష్ట్ర ప్రభుత్వం మిషన్ పుంగనూరు మొదలుపెట్టింది. 2024 సంక్రాంతికి ప్రధానమంత్రి తన నివాసంలో ఈ ఆవులకు మేత పెడుతున్న ఫొటోలు దేశమంతా చూసింది. ఇప్పుడు ఇంకా పొట్టిగా తయారుచేసిన రకాలు కూడా లక్షల ధర పలుకుతున్నాయి, బంగళాల హాళ్లలో తిరుగుతున్నాయి. జాతి నిలబడటం సంతోషమే. కానీ చిన్నమ్మ కొట్టంలో ఉపద్రవం అనిపించుకున్న ఆవు బంగళా హాల్లో అలంకారం ఎలా అయింది? పేడ అక్కడా ఉంటుంది. దాన్ని ఎత్తేది పనమ్మాయి. ఆ ఆవును ముద్దుచేసే వీడియోల్లో ఆమె చేతులు ఉండవు.

మున్సిపల్ చట్టాల మాటల్లో ఈ తేడా రాసి లేదు. ఆంధ్రప్రదేశ్ మున్సిపాలిటీల చట్టం 1965 నాటిది, హైదరాబాదు మున్సిపల్ కార్పొరేషన్ చట్టం 1955 నాటిది. వాటికి ఫ్లాటూ తెలీదు, పొట్టావు సెల్ఫీ తెలీదు. ఇరుగుపొరుగుకు ఇబ్బంది అనే ఒక్క మాట చుట్టూ అవి తిరుగుతాయి. ఎవరి ఇబ్బంది ఫిర్యాదు అవుతుంది, ఎవరి పశువు ఇబ్బంది అవుతుందన్నది కులమూ వర్గమూ నిర్ణయిస్తాయి. ఎరుకల స్త్రీలు పందుల్ని సాకి పిల్లల్ని చదివించుకున్న పట్టణాల్లో, పందుల్ని పట్టి ఊరవతల వదిలే డ్రైవ్‌ల వార్తలు తరచూ చూస్తుంటాం. ఆ వార్తల్లో పంది ఉంటుంది, రోగం ఉంటుంది. ఆ పందితో పాటు ఒక ఇంటి ఆదాయం పోయిందన్న వాక్యం ఉండదు. మరోవైపు, అపార్టుమెంటు సంఘాలు మెజారిటీ తీర్మానంతోనైనా సరే పెంపుడు కుక్కల్ని నిషేధించకూడదని 2015లో జంతు సంక్షేమ బోర్డు మార్గదర్శకాలిచ్చింది. మంచిదే. ఫ్లాటులో కుక్కకు దొరికిన ఆ మాత్రం రక్షణ, వీధి చివరి కొట్టంలో ఎనుముకు ఎందుకు లేదు? ఒకటి తోడు, మరొకటి వ్యాపారం అంటారు. తోడు కోసం పెంచేవాళ్ల హక్కు, తిండి కోసం సాకేవాళ్ల హక్కు కంటే ఎందుకు పెద్దదయిందో ఎవరైనా చెప్పగలరా?

ఇక్కడ నా వాదానికి అతి గట్టి అభ్యంతరం కుక్కల దగ్గర వస్తుంది. సాకడం వల్ల హక్కు పుడుతుందంటే, వీధికుక్కలకు రోజూ అన్నం పెట్టే వాళ్లకు వీధి మీద హక్కు పుడుతుందా? 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో నాలుగేళ్ల పిల్లాడిని కుక్కలు చంపేశాయి. తండ్రి కాపలా ఉద్యోగి, పని చేసే చోటికే బిడ్డను వెంట తెచ్చుకున్నాడు. ఆ బిడ్డ ముందు నిలబడి కరుణ గురించి మాట్లాడటం నాకు చేతకాదు. తెల్లవారుజామున చీపురు పట్టుకుని వీధుల్లోకి వచ్చే పారిశుద్ధ్య కార్మికులు, వాళ్లలో ఎక్కువమంది దళిత స్త్రీలు, ఆ కుక్కల గుంపుల్ని రోజూ దాటుకు పోవాలి. అన్నం పెట్టేది ఒకరు, కాటు తినేది మరొకరు.

సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 11న ఢిల్లీ ప్రాంతంలోని వీధికుక్కలన్నిటినీ షెల్టర్లకు తరలించమంది. ఆగస్టు 22న పెద్ద బెంచి దాన్ని మార్చింది. రేబిస్ ఉన్నవీ, మీద పడి కరిచేవీ తప్ప, మిగతావాటికి ఆపరేషను చేసి, టీకాలు వేసి, పట్టిన చోటే వదలమంది. అన్నం పెట్టడానికి వేరే స్థలాలు గుర్తించమంది. నవంబర్ 7న బడులు, ఆస్పత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల నుంచి కుక్కల్నీ, జాతీయ రహదారుల మీది నుంచి పశువుల్నీ తొలగించమంది. ఈ కేసులో తమ మాట వినమని కోర్టుకొచ్చిన జంతుప్రేమికులు ఒక్కొక్కరూ 25,000 రూపాయలు, సంస్థలైతే 2 లక్షలు కట్టాలని కూడా ఆగస్టు ఉత్తర్వులో ఉంది. ఆ డబ్బు కుక్కల సదుపాయాలకే అనుకోండి. అయినా కుక్క గురించి చెప్పుకోవడానికి 25,000 కావాలంటే, వీధి ఊడ్చే ఆమె ఆ తలుపు ఎప్పుడు తట్టగలదు?

అందుకని నా సూత్రాన్ని సవరించుకోవడం కాదు, పూర్తిచేసుకోవాలి. సాకడం అంటే అన్నం వేసి వెళ్లిపోవడం కాదు. పాలికి తీసుకున్న ఆవు పక్క పొలంలో పడి మేస్తే ఆ తగువు సాకేవాళ్లదే. ప్రాణి చేసే మేలుతో పాటు అది చేసే హానిని కూడా తన తల మీద వేసుకున్నప్పుడే సాకడం పూర్తవుతుంది. ఆ పూర్తి భారం మోసేవాళ్లకు హక్కుండాలి. మోయలేని భారాన్ని నగరం పంచుకోవాలి. కుక్కలకు టీకాలూ ఆపరేషన్లూ మున్సిపాలిటీ పని. 2001 నాటి నిబంధనలూ, వాటి చోట 2023లో వచ్చిన నిబంధనలూ ఆ సంగతి చెబుతూనే ఉన్నాయి. ఆ పని జరగని చోట అన్నం పెట్టే స్త్రీనీ, కాటు తిన్న స్త్రీనీ ఎదురెదురుగా నిలబెట్టి తమాషా చూడటం పాలకులకు సులువవుతోంది.

ఇంకో అభ్యంతరం మన లోపలి నుంచే వస్తుంది. చాకిరీకి ఇంత గౌరవమిస్తే ఆడదాన్ని మళ్లీ పేడకుప్పకే కట్టేసినట్టు కాదా? ఈ అనుమానం న్యాయమైనది. సాకడం స్త్రీ స్వభావం అన్న పాత పాటకు నేను వంత పాడను. చిన్నమ్మకు నలభై ఏళ్లకే నడుం వంగింది. తన కూతురు పేడ ముట్టకూడదని ఆమె పట్టుబట్టి చదివించింది. శ్రమను పొగడటం వేరు, లెక్కపెట్టడం వేరు. పొగిడితే ఆ శ్రమ ఆమెకు అంటుకుపోతుంది. లెక్కపెడితే ఆమె దాన్ని ఉంచుకోవచ్చు, వదులుకోవచ్చు, మగవాడికి పంచవచ్చు. చిన్నమ్మ ఎనుముల్ని వదిలేయడం అన్యాయం కాదు. వదలాలో వద్దో ఆమెను అడగకపోవడం అన్యాయం.

లెక్కపెట్టడం కష్టమైన పనేమీ కాదు. నోటీసు ఇచ్చే ముందు ఈ కొట్టంలో పని ఎవరు చేస్తున్నారని అడగవచ్చు, ఆ పేరు మీదే నోటీసూ గడువూ ఇవ్వవచ్చు. లైసెన్సులోనూ చెవి బిళ్ల వివరాల్లోనూ సాకేవాళ్ల పేరుకు ఒక గడి పెట్టవచ్చు. ఊరి హద్దు దాటించేముందు ఆ హద్దులోనే నీళ్లూ కాలవా ఉన్న ఉమ్మడి కొట్టాలకు స్థలం చూపవచ్చు. ఫిర్యాదు చేసినామెనూ, పశువున్నామెనూ ఒకే గదిలో కూర్చోబెట్టి వినవచ్చు. బంగళా ఆవుకూ కొట్టం ఎనుముకూ ఒకే ప్రమాణం పెట్టవచ్చు. ఇవన్నీ చేశాక కూడా కొన్ని వీధుల్లో పశువులకు చోటు చాలదని తేలవచ్చు. అప్పుడు ఆ నష్టానికి పరిహారం అడిగే మనిషి కాగితం మీద బతికి ఉంటుంది.

రాజ్యాంగంలోని ఆ పదిహేనో అంశంలో బందెలదొడ్డీ కరుణా పక్కపక్కనే ఉన్నాయి. పట్టి కట్టేసేవాళ్లకూ, జాలిపడేవాళ్లకూ అక్కడ చోటుంది. మధ్యలో సాకేవాళ్ల కోసం ఒక్క మాట లేదు. స్త్రీల శ్రమ లేని చోట్లను చదవడం సాహిత్యంలో మనం చాలాకాలంగా చేస్తున్న పనే. మున్సిపల్ నోటీసులను కూడా అలా చదవడం మొదలుపెడితే, అందులో ఎవరి పేరు లేదో మన వీధిలోనే కనిపిస్తుంది.